జిప్సీ ఘాట్ బిల్డ్: 1.3 మీదే పని చెయ్యాలా, పాత బెలినో 1.6 ఎక్కించాలా, రెండూ కలపాలా?

రాయగడ_ఘాట్‌రోడ్
బండి ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) మారుతి జిప్సీ, 1.3 లీటర్ల పదహారు వాల్వుల ఇంజన్‌ది. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు నలుగురు, సామానుతో మూడో గేరులో లాగాలి. దారులు మూడు కనిపిస్తున్నాయి: ఉన్న 1.3నే పెంచడం, బెలినో 1.6 హాఫ్ ఇంజన్ (బ్లాకు, క్రాంకు, పిస్టన్లున్న కింది సగం) మీద 1.3 హెడ్ (వాల్వులుండే పై భాగం) పెట్టడం, పూర్తి బెలినో ఇంజన్ ఎక్కించడం. అనుభవమున్న అన్నలు లెక్కలతో చెప్పండి.

జయపురం_లేత్
తమ్ముడూ, ముందు కొలతలు చూడు. రెండూ సుజుకీ జీ సిరీసే. 1.3కి బోరు (సిలిండర్ వెడల్పు) 74, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75.5 మి.మీ., మొత్తం 1298 సీసీ. 1.6కి బోరు 75, స్ట్రోకు 90, అంటే 1590 సీసీ. బోరులో తేడా ఒక్క మిల్లీమీటరే, లాగుడంతా స్ట్రోకులోంచే వస్తుంది. 1.3ని 75కి బోరు కొట్టించినా 1334 సీసీయే. ఆ 36 సీసీ కోసం సిలిండర్ గోడ పల్చన చేసుకోవడం దండగ. సిలిండర్‌లో గీతలు పడి ఉంటే 74.5తో ఆపేయ్.

ఇంకోటి. బెలినో అని అడిగితే స్క్రాపులో 2015 తర్వాతి హ్యాచ్‌బ్యాక్ సామాను చేతిలో పెడతారు. అది వేరే ఇంజన్ కుటుంబం. నీకు కావలసింది 1999లో వచ్చిన డిక్కీ బెలినోది. బ్లాకు మీద జీ16బీ అని చదివాకే డబ్బులివ్వు.

బరంపురం_ఇంజన్‌వర్క్స్
హెడ్ మార్చే ఆలోచన ఉంటే కంప్రెషన్ (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందనే నిష్పత్తి) లెక్క వేసుకోకుండా కదలొద్దు. 1.3 ఒక్కో సిలిండర్ 324.7 సీసీ. కంప్రెషన్ 9.5 అనుకుంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ 38.2 సీసీ. అదే ఖాళీని 397.6 సీసీల 1.6 సిలిండర్ మీద పెడితే నిష్పత్తి 11.4కి పోతుంది. మామూలు పెట్రోలుతో ఘాట్‌లో లోడు మీద అది కచ్చితంగా నాక్ కొడుతుంది, అంటే మిశ్రమం తనంతట తానే పేలుతుంది. 10కి దించాలంటే సిలిండర్‌కి ఇంకో 6 సీసీ ఖాళీ కావాలి.

చాలామంది ఇక్కడే మందం గాస్కెట్ వేస్తారు. 6 సీసీ రావాలంటే గాస్కెట్ దాదాపు 1.4 మి.మీ. పెరగాలి. పిస్టన్ అంచుకీ హెడ్‌కీ మధ్య 1 మి.మీ. దగ్గర ఉండాల్సిన సందు అప్పుడు రెండున్నర అవుతుంది. ఆ అంచున మిశ్రమం చెదరదు, చల్లారదు, కంప్రెషన్ తగ్గించినా నాక్ మాత్రం పోదు. ఆ 6 సీసీని పిస్టన్ తలలో గుంతగా తీయించాలి, అదీ తల మందం కొలిచాకే.

ఇవన్నీ లెక్క కోసం వేసుకున్న అంకెలు, నీ హెడ్‌ని నువ్వే కొలవాలి. ప్లగ్ బిగించి, వాల్వుల అంచుకి పల్చగా గ్రీజు రాసి, చిల్లున్న యాక్రిలిక్ పలక మూసి, 50 మి.లీ. బ్యూరెట్‌తో కిరోసిన్ నింపు. నాలుగు గదుల మధ్య అర సీసీకి మించి తేడా ఉండకూడదు. పిస్టన్ గుంత, డెక్ ఖాళీ (పైకొచ్చిన పిస్టన్‌కీ బ్లాకు అంచుకీ మధ్యది), గాస్కెట్ ఖాళీ కూడా అందులో కలుపు.

74 బోరు గాస్కెట్‌ని 75 బ్లాకు మీద వేస్తే ఇనుప రింగు అంచు సిలిండర్‌లోకి పొడుచుకొస్తుంది. అది ఎర్రగా కాలి, నాక్ మొదలై, చివరికి గాస్కెట్ పోతుంది. గాస్కెట్‌ని బ్లాకు మీద ఒకసారి, హెడ్ మీద ఒకసారి పరిచి నీటి, ఆయిల్ రంధ్రాలు ఒక్కొక్కటే సరిచూడు. 1.6 బ్లాకు ఎత్తు ఎక్కువ, 1.3 టైమింగ్ బెల్టు దానికి చాలదు.

గుణుపురం_గేర్
కలపడం వద్దు, పూర్తి 1.6యే పెట్టు అంటాను. అందులోనూ పని తక్కువేం కాదు. బెలినోలో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, జిప్సీలో నిలువుగా. బెలినో సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ తొట్టి) ముందు చక్రాల డిఫరెన్షియల్‌కి తగులుతుందేమో చూడు. సంప్ మారిస్తే ఆయిల్ పికప్ గొట్టమూ మారాలి, లేకపోతే ఏటవాలులో ఆయిల్ బదులు గాలి పీలుస్తుంది. గొట్టం నోటికీ సంప్ అడుగుకీ 8 నుంచి 10 మి.మీ. ఉంచు. సంప్ లోపల మైనం ముద్ద పెట్టి ఒకసారి బిగించి విప్పితే ఆ సందు తెలిసిపోతుంది.

అందరూ మర్చిపోయేది పైలట్ బేరింగ్, క్రాంకు చివర గేర్‌బాక్సు షాఫ్టు కొనని పట్టుకునేది. ముందు చక్రాల బండి ఇంజన్‌కి దాని అవసరం ఉండదు, జిప్సీ గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టుకి ఉంటుంది. అది కూర్చునే చోటు లేకుండా బిగిస్తే షాఫ్టు ఊగి, క్లచ్ వదిలేటప్పుడు బండి వణుకుతుంది, తర్వాత గేర్‌బాక్సు ముందు బేరింగ్ పోతుంది. ఫ్లైవీల్ బోల్టుల సంఖ్య, వృత్తం క్రాంకుతో కలుస్తాయో లేదో కొనకముందే చూసుకో. హెడ్ వెనక ఫైర్‌వాల్‌కి (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు), పైన బానెట్‌కి ఎంత సందు మిగులుతుందో కూడా.

కోరాపుట్_ట్యూనింగ్
మీరు ఈసీఎమ్ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) సంగతి వదిలేశారు. 1.3 ఈసీఎమ్‌తో 1.6 నడిపితే, అది మ్యానిఫోల్డ్ ప్రెషర్ చూసి 1.3కి సరిపడా పెట్రోలే వేస్తుంది. లోపలికి వెళ్లే గాలి మాత్రం 22 శాతం ఎక్కువ. ఫుల్ థ్రాటిల్‌లో ఒక వంతు పెట్రోలుకి 12.5 వంతుల గాలి ఉండాల్సిన మిశ్రమం 15.3కి పల్చబడుతుంది. పిస్టన్లు కరిగేది అలాగే. బెలినో ఈసీఎమ్, సెన్సార్లు, ఇంజెక్టర్లు, వైరింగ్ మొత్తం సెట్టుగా తీసుకో. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) ఇంకాస్త ఎక్కువ పెట్రోలు కావాలి, పాత రబ్బరు హోసులు కూడా మార్చేయాలి.

మన కొండల బండికి ఇంకో ప్రమాదముంది. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు, గాలి ఒత్తిడి సముద్రమట్టం కన్నా దాదాపు 10 శాతం తక్కువ. ఇక్కడ ఫుల్ థ్రాటిల్‌లో కూడా మ్యానిఫోల్డ్ ప్రెషర్ 91 కిలోపాస్కల్ దగ్గరే ఆగుతుంది. ప్రోగ్రామబుల్ ఈసీఎమ్ పెట్టి ఇక్కడే ఇగ్నిషన్ సరిచేస్తే, మ్యాపులో (ఒత్తిడిని బట్టి ఇగ్నిషన్ అంకెలుండే పట్టిక) 95, 100 కిలోపాస్కల్ గళ్లను ఇంజన్ ఎప్పుడూ తాకలేదన్నమాట. ఘాట్ దిగి విశాఖ వేడిలో తొక్కగానే నాక్ కొడుతుంది. ఆ పై గళ్లలో ఇగ్నిషన్ రెండు మూడు డిగ్రీలు వెనక్కి పెట్టి, ఫైనల్ ట్యూనింగ్ కింద చేయించు.

పర్లాకిమిడి_ర్యాలీ
ఘాట్ ఎక్కడానికి 1.6 సరే. ఎక్కువ ఆర్పీఎమ్ మీద నడిపేవాళ్లకి మాత్రం 1.3కే నా ఓటు. 7000 దగ్గర 1.6 పిస్టన్ సగటు వేగం సెకనుకి 21 మీటర్లు, 1.3ది 17.6. అదే వేగం చేరడానికి 1.3 సుమారు 8300 తిరగాలి. రింగుల సందు 0.30 మి.మీ., వాల్వుకీ పిస్టన్‌కీ ఇన్‌టేక్ వైపు 2, ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. మైనంతో సరిచూడండి. హెడ్ అర మి.మీ. చెక్కితే క్యామ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయం) కొంచెం వెనకబడుతుంది, అడ్జస్టబుల్ పుల్లీ లేకుండా ఆ పని చేయించకండి.

రాయగడ_ఘాట్‌రోడ్
పూర్తి 1.6 వైపే వెళ్తాను. ఆర్‌సీ సంగతి?

జయపురం_లేత్
ఇంజన్ మార్పు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందకొస్తుంది. ఓడీ-18 బండి కాబట్టి రాయగడ ఆర్టీఓలో ముందే రాతపూర్వకంగా అడుగు, ఆ తర్వాతే ఇంజన్ కొను. పాత ఇంజన్‌తో పాటు దాని ఆర్‌సీ నకలు, అమ్మకం రసీదు, ఇంజన్ నంబరు అచ్చు తీసుకో. నంబరు దగ్గర గ్రైండర్ గీతలు కనిపిస్తే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.