డిగ్రీలోనే సైకాలజీయా, వేరే డిగ్రీ చేసి పీజీలో చూసుకోవాలా?

కూర్మన్నపాలెం నాన్న:
అందరికీ నమస్కారం అండి. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. నీట్ రెండుసార్లు రాసింది, రెండోసారి ఇంకా తక్కువొచ్చింది, మూడోసారి అంటే నేనే వద్దన్నాను, ఆ ఏడాదంతా పిల్ల మొహం చూళ్ళేకపోయాం. ఇప్పుడు డిగ్రీలో సైకాలజీ చేరతానంటోంది. మా బావమరిదేమో ముందు బీకామో బీబీఏనో ఏదోటి కానిచ్చేసి, అప్పటికీ ఇష్టం పోకపోతే ఎంఏలో సైకాలజీ చెయ్యమను, చాలా యూనివర్సిటీల్లో ఎంఏకి ఏ డిగ్రీ ఉన్నా తీసుకుంటారు, చేతిలో ఒకటి సేఫ్‌గా ఉంటది అంటాడు. పిల్ల ఒప్పుకోదు. వారం నుంచి ఇంట్లో ఇదే గొడవ. మా అమ్మయితే "పిచ్చాసుపత్రిలో ఉద్యోగమేటే నీకు" అని ఒకటే నస. నేను స్టీల్‌ప్లాంట్‌లో చేస్తాను, ఈ సబ్జెక్ట్‌లో నాకు తెలిసింది సున్నా. తెలిసినోళ్ళు నిజాలు చెప్పండి, మోటివేషన్ వద్దు.

రుషికొండ హెచ్‌ఆర్:
మీ బావమరిది గారు చెప్పిందే కరెక్ట్ అండి. 9 ఏళ్ళ నుంచి రిక్రూట్‌మెంట్‌లో ఉన్నాను. రెజ్యూమేలో బీఏ సైకాలజీ ఒక్కటే ఉంటే ఆ పిల్లకి మేమిచ్చే జీతం బీకాం పిల్లకిచ్చే జీతమే, ఒక్కోసారి బీకాం పిల్లకే ముందు ఫోన్ వెళ్తుంది ఎందుకంటే ట్యాలీ వచ్చు కాబట్టి. ఆ డిగ్రీతో క్లినికల్ సైకాలజిస్ట్ అవ్వలేరు, మంచి స్కూల్లో కౌన్సిలర్‌గా కూడా పీజీ అడుగుతున్నారు. పీజీ ఎలాగూ తప్పదు, ఆ పీజీకి ఏ డిగ్రీ అయినా ఓకే, మరి ఈ మూడేళ్ళు అక్కడే ఎందుకు పెట్టాలి? లెక్క సింపుల్.

బాబాయ్ ఎన్ఏడీ:
ఎదుటోడి మనసులో ఏముందో చదవడానికి మూడేళ్ళు కాలేజీ ఎందుకండీ, మా ఆవిడ దగ్గరికి పంపండి, నేను గుమ్మంలో చెప్పు విప్పే లోపు చెప్పేస్తది ఎక్కడ తిరిగొచ్చానో.

అద్దంలో నక్షత్రం:
బాబాయ్ గారూ ఈ జోకు మేం ఫస్ట్ సెమ్ నుంచి వింటున్నాం, ఆటో అన్నయ్య దగ్గర్నుంచి పెళ్ళిళ్ళలో పెద్దమ్మల దాకా అందరూ "ఏదీ, నా మనసులో ఏముందో చెప్పు" అనేవాళ్ళే 😭

అంకుల్, నేను ఫైనల్ ఇయర్, సైకాలజీ మేజర్. జీతం సంగతి ఆ మేడమ్ చెప్పింది కరెక్టే, అబద్ధం చెప్పను, మా సీనియర్లలో డిగ్రీతో ఆగిపోయినవాళ్ళు సైకాలజీకి సంబంధం లేని ఉద్యోగాల్లోనే ఉన్నారు. కానీ లోపల ఏం చదువుతామో ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తాను. మాకు ల్యాబ్ ఉంది. ఎక్కువమందికి ఆ సంగతే తెలీదు. మిర్రర్ డ్రాయింగ్ అని ఒక ప్రాక్టికల్ ఉంటది, కాగితం మీద రెండు గీతల మధ్య సందుతో ఒక నక్షత్రం బొమ్మ, మన చెయ్యి మనకి కనపడకుండా అడ్డంగా ఒక పలక, ఎదురుగా అద్దం, అద్దంలో చూస్తూ ఆ సందులోనే పెన్సిల్ నడపాలి, గీత తగిలితే ఒక తప్పు. మొదటిసారి నా చెయ్యి ఒక మూల దగ్గర ఇరుక్కుపోయి అక్కడే గిలగిలా కొట్టుకుంది, పైకి వెళ్ళమంటే కిందకి వస్తది, పార్టనర్ స్టాప్‌వాచ్ పట్టుకుని నవ్వు ఆపుకోలేక చస్తోంది. పదోసారికి టైమూ తగ్గింది తప్పులూ తగ్గాయి. అసలు ముక్క అది కాదు, ప్రాక్టీస్ అంతా కుడిచేత్తో చేసి తర్వాత ఎడంచేత్తో గీస్తే, ఏ ప్రాక్టీసూ లేని ఆ చెయ్యి కూడా మొదట్లో కంటే బాగా గీస్తది. అంటే నేర్చుకుంది చెయ్యి ఒక్కటే కాదన్నమాట. ఆ రోజు నాకు ఈ సబ్జెక్ట్ ఎక్కేసింది.

ఇంకోటి, ఎబింగ్‌హాస్ అని జర్మన్ ఆయన 1885లో జ్ఞాపకం మీద పుస్తకం వేశాడు, అర్థం లేని అక్షరాల ముక్కలు బట్టీ కొట్టి ఎంతసేపటికి ఎంత మర్చిపోతామో కొలిచాడు, అది కూడా తన మీద తనే. మేం అదే ఇంట్లో ఎవరి మీదైనా చేసి రాయాలి. నేను మా అమ్మమ్మని కూర్చోబెట్టాను. రిజ్, మెబ్, తవ్, గుక్ అని చదివానో లేదో "తవ్ అంటే తవ్వడం, గుక్ అంటే గుక్కపట్టి ఏడవడం, మెబ్ అంటే ఏటే" అని మొదలెట్టింది. అన్నిటికీ ఏదో ఒక అర్థం అంటించేసింది, మర్నాడు పొద్దున అడిగితే నా క్లాస్‌మేట్స్ కంటే ఎక్కువ చెప్పింది. నా డేటా నాశనం. కానీ మా మేడమ్ రికార్డ్ చూసి ఇదే ఎక్కువ పనికొచ్చే రిజల్ట్, ఎందుకిలా అయిందో డిస్కషన్‌లో రాయి అన్నారు.

బాబాయ్ ఎన్ఏడీ:
మీ అమ్మమ్మ గారికి నా నమస్కారాలు. అయినా ఒకటి సీరియస్‌గానే అడుగుతున్నా. ఇది సైన్సేనా అసలు? 2015లో ఏదో వచ్చింది కదా, 100 ప్రయోగాలు మళ్ళీ చేసి చూస్తే మూడోవంతు చిల్లర మాత్రమే నిలబడ్డాయని. పైగా మన ఏయూలో, అదే ఆంధ్రా యూనివర్సిటీలో, ఆ డిపార్ట్‌మెంట్ పేరే సైకాలజీ అండ్ పారాసైకాలజీ. దయ్యాలూ పునర్జన్మలూనా?

వాల్తేరు మాష్టారు:
నేను ముప్పై ఏళ్ళకి పైగా ఈ సబ్జెక్టే చెప్పి రిటైర్ అయ్యాను. వరసగా చెప్తాను, కొంచెం పొడుగవుద్ది.

బాబాయ్ గారు అడిగిన పేరు నిజమే. ఆ డిపార్ట్‌మెంట్‌ని 1967లో మొదలుపెట్టింది కె. రామకృష్ణారావు గారు, అమెరికాలో పారాసైకాలజీ ప్రయోగాలు చేసిన జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన మనిషి, తర్వాత ఏయూకి వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. పారాసైకాలజీ అంటే భూతవైద్యం కాదండీ, అతీంద్రియ శక్తులు అంటారే, అవి ఉన్నాయో లేవో ల్యాబ్‌లో కార్డులు పెట్టి లెక్కగట్టి చూద్దామన్న ప్రయత్నం. మిగతా శాస్త్రవేత్తల్లో చాలామంది ఆ ఫలితాలని ఒప్పుకోలేదు, నాకూ నమ్మకం లేదు, అది వేరే సంగతి. పేరులో ఆ ముక్క ఉన్నంత మాత్రాన డిపార్ట్‌మెంట్ అంతా అదే చదువుతారనుకోవద్దు.

2015 సంగతి కూడా నిజమే. సుమారు 36 శాతమే మళ్ళీ వచ్చాయి. కానీ ఆ మాట బయటపెట్టిందెవరు? సైకాలజిస్టులే కదా, వందల మంది కలిసి తమ ఇంటి లెక్కలు తామే తిరగేశారు. అందుకే నేను డిగ్రీలోనే చదవమంటాను. శాంపిల్ అంటే ఏంటి, ఇరవై మంది మీద చేసినదాన్ని ఊరందరికీ ఎందుకు అంటించకూడదు, ఇవి ఒంటపట్టడానికి టైం పడుతుంది. పీజీలో వేరే డిగ్రీ నుంచి వచ్చిన పిల్లల్ని చూశాను, తెలివైనవాళ్ళే, కానీ మొదటి సెమిస్టర్‌లోనే టీ-టెస్ట్, అనోవా లాంటి స్టాటిస్టిక్స్ లెక్కలు, ప్రయోగం డిజైన్, పర్సనాలిటీ సిద్ధాంతాలు అన్నీ ఒకేసారి మీదపడితే ఊపిరాడక ఫార్ములా బట్టీకొట్టి గట్టెక్కేవాళ్ళు. తర్వాత వీళ్ళే మనుషుల ముందు కూర్చుని టెస్టు స్కోర్ చూసి మాట చెప్పాలి. ఐక్యూ 84 అని ఒక తల్లికి చెప్పే ముందు ఆ 84లో పొరపాటుకి ఎంత చోటుందో తెలియాలి కదా.

కూర్మన్నపాలెం గారూ, అమ్మాయికి లెక్కలంటే భయమా? ముందది అడగండి. బైపీసీ తీసుకున్నదే లెక్కలు తప్పించుకోడానికైతే ఇక్కడ స్టాటిస్టిక్స్ ఎదురొస్తుంది, తప్పదు. ఇంటర్ బయాలజీ మాత్రం వృథా పోదు, మెదడు, నరాలు, హార్మోన్లు ఒక పేపరంతా ఉంటాయి.

సీతమ్మధార 22:
నేను ఎదురు చెప్తా. నేను బీఏ సైకాలజీలో చేరింది నన్ను నేను బాగుచేసుకుందామని. ఇంటర్ హాస్టల్లో రెండేళ్ళు నరకం చూసి వచ్చాను, ఏ కాలేజీనో అనవసరం. ఇది చదివితే నాకేమైందో అర్థమైపోద్ది అనుకున్నా. అర్థం కాలేదు సరికదా, అబ్నార్మల్ సైకాలజీ పేపర్ చదువుతుంటే ప్రతి జబ్బూ నాకే ఉన్నట్టు అనిపించి నిద్రపట్టేది కాదు. చివరికి నాకు పనిచేసింది థెరపిస్ట్, సిలబస్ కాదు. డిగ్రీ అయిపోయాక ఎంబీఏకి వెళ్ళిపోయా. అంకుల్, మీ పాప నీట్ రెండుసార్లు పోయి ఆ బాధలోంచి ఇటు వస్తోందేమో ఒకసారి చూడండి. తప్పని కాదు. కానీ మందు కావలసినప్పుడు మెడికల్ షాపు పెట్టుకోకూడదు కదా.

అద్దంలో నక్షత్రం:
అక్కా ఇది నిజం. మా క్లాసులో సగం మంది అలాగే వచ్చాం. కొందరికి పనిచేసింది, కొందరు సెకండ్ ఇయర్లోనే మానేశారు.

మద్దిలపాలెం కౌన్సిలర్:
ఎంఏ సైకాలజీ, ఒక ఇంటర్ రెసిడెన్షియల్‌లో కౌన్సిలర్‌ని. నా డిగ్రీ బీఎస్సీ కెమిస్ట్రీ, అంటే మీ బావమరిది గారు చెప్పిన దారిలోనే వచ్చాను. ఆ దారి ఉంది, నడుస్తుంది. కానీ మాష్టారు చెప్పిన ఊపిరాడకపోవడం నాకు జరిగింది, ఎంఏ మొదటి ఏడాది ద్వారకానగర్‌లో పాత పుస్తకాల షాపులో డిగ్రీ పుస్తకాలు కొనుక్కుని రాత్రుళ్ళు చదివాను.

ఉద్యోగాల మాటొచ్చింది కాబట్టి, 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పొకటి ఉంది, మన విశాఖలోనే హాస్టల్లో ఉండి నీట్‌కి చదువుతూ చనిపోయిన అమ్మాయి కేసులో. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న విద్యాసంస్థలన్నీ కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సిలర్‌నో సైకాలజిస్ట్‌నో సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని అందులో ఉంది. దీంతో రేపే ఉద్యోగాలు కుప్పలుగా వస్తాయని చెప్పను. కాగితం మీద కౌన్సిలర్, గదిలో బయోమెట్రిక్ మెషీన్, స్టేషనరీ పెట్టెలు, ఇది నా కళ్ళతో చూసిందే. నా గదికి ఫ్యాన్ వేయించడానికే మూడు నెలలు పట్టింది. కానీ ఐదేళ్ళ క్రితం "కౌన్సిలర్ అంటే అడ్మిషన్ కౌన్సిలరా" అని అడిగేవాళ్ళు, ఇప్పుడు అడగట్లేదు.

రుషికొండ హెచ్‌ఆర్:
చూశారా, కౌన్సిలర్ గారే కెమిస్ట్రీ నుంచి వచ్చారు. నా మాట నిలబడింది. ఇంకా చెప్పాలంటే డిగ్రీ బీకాం రెగ్యులర్‌గా చేస్తూ పక్కన సైకాలజీ డిస్టెన్స్‌లో కట్టేసినా అయిపోద్ది.

మద్దిలపాలెం కౌన్సిలర్:
మేడమ్ అది ఇప్పుడు అవ్వదు. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని డిస్టెన్స్‌లో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యూజీసీ ఆపేసింది, 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందకి సైకాలజీ వస్తుందని. ఈ విషయం తెలియని ఏజెంట్లు ఇంకా ఫోన్లు చేస్తూనే ఉంటారు, డబ్బులు కట్టకండి ఎవరూ.

క్లినికల్ వైపు వెళ్ళాలనుకుంటే ఇంకో ముక్క. క్లినికల్ సైకాలజిస్ట్ అని పేరు పెట్టుకోవాలంటే ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవ్వాలి. ఇన్నాళ్ళూ ఎంఏ తర్వాత రెండేళ్ళ ఎంఫిల్ దారి ఉండేది. ఎంఫిల్‌ని యూజీసీ 2022లో ఎత్తేసింది, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా గడువిచ్చింది. ఆర్‌సీఐ కొత్తగా నాలుగేళ్ళ బీఎస్సీ ఆనర్స్ క్లినికల్ సైకాలజీ, రెండేళ్ళ ఎంఏ క్లినికల్, సై.డీ (PsyD, సైకాలజీలో డాక్టరేట్) అని తెచ్చింది. అంటే ఇంతకుముందు "ఏ డిగ్రీ అయినా పర్లేదు" అన్న మాట ఇకముందు అన్ని చోట్లా చెల్లుతుందని నేను హామీ ఇవ్వలేను. చేరే ముందు ఆ కోర్సుకి, ఆ కాలేజీకి అనుమతి ఉందో లేదో ఆర్‌సీఐ లిస్టులో పేరు పెట్టి చూసుకోండి, కాలేజీ బ్రోచర్ నమ్మకండి.

రుషికొండ హెచ్‌ఆర్:
డిస్టెన్స్ సంగతి నాకు తెలీదు, థ్యాంక్స్. అయినా జీతం మాట నేను వెనక్కి తీసుకోను. డిగ్రీ, పీజీ, తర్వాత ఇంకో కోర్సు, ఆరేడేళ్ళు ఎవరు పోషిస్తారు? స్టీల్‌ప్లాంట్‌లో ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందో ఆయనకి మనం చెప్పక్కర్లేదు.

చినవాల్తేరు నర్సు:
మెంటల్ వార్డులో చాలా ఏళ్ళు చేశాను. కూర్మన్నపాలెం బాబూ, మీ అమ్మగారికి నా తరఫున ఒక మాట చెప్పండి, మందులు రాసేది ఎంబీబీఎస్ చేసి ఆపైన ఎండీ చేసిన సైకియాట్రిస్ట్. మీ పాప చదివేది అది కాదు. కానీ ఆయన పది నిమిషాలు చూసి మందు రాసి వెళ్ళాక, "నాకేటీ నేదు, మా ఓళ్ళే పిచ్చోళ్ళు" అన్న మనిషి పక్కన గంట కూర్చునేవాళ్ళు కావాలి. మా దగ్గర ఆ పని చేసే పిల్ల ఒకర్తె ఉండేది. సింహాచలం దగ్గర పల్లెటూరి ముసలాయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, ఆ పిల్ల రోజూ వెళ్ళి ఆయన గేదెల పేర్లు అడిగేది. పన్నెండో రోజున చెప్పాడు. నాలుగు గేదెలు. అది ఏ పుస్తకంలో నేర్చుకుందో నాకు తెలీదు.

బాబాయ్ ఎన్ఏడీ:
సరే, నేను ఓడిపోయాను, గేదెల దగ్గర.

కూర్మన్నపాలెం నాన్న:
అందరికీ దండాలు. నైట్ షిఫ్ట్‌లో ఉండి రిప్లై లేట్. ఇవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. సీతమ్మధార అమ్మాయి రాసింది విని చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ముందు నేనే ఒక కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళొస్తాను నాన్నా, అది వేరే, ఇది వేరే" అంది. నాకది నచ్చింది. లెక్కలంటే భయమేనట, కానీ స్టాటిస్టిక్స్ పుస్తకం తెప్పించమంది.

రాత్రి ఆ నక్షత్రం ఆట ఆడించింది ఇంట్లో. నా షేవింగ్ అద్దం గోడకి ఆనించి, అడ్డంగా అన్నం పళ్ళెం పట్టుకుని, ఫోన్లో టైమర్ పెట్టింది. ముప్పై ఏళ్ళు మిల్లులో చేసిన చెయ్యి అండి ఇది, ఒక్క మూల దాటించడానికి నిమిషం పైనే పట్టింది. మా అమ్మ పక్కన కూర్చుని "అటు కాదురా, ఇటు" అని అరుస్తోంది, తీరా ఆవిడ చేతికిస్తే అదే మూల దగ్గర ఆగిపోయింది.

బావమరిది ఇంకా ఒప్పుకోలేదు, హెచ్‌ఆర్ మేడమ్ గారి మాటలు స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. ఆరేడేళ్ళ లెక్క నాక్కూడా గుండెల్లో రాయిలాగే ఉంది, అబద్ధమెందుకు. సోమవారం సెలవు పెట్టి రెండు కాలేజీలు చూడ్డానికి వెళ్తున్నాం. మాష్టారు గారూ, ల్యాబ్ చూపించమని అడిగితే చూపిస్తారా, ఏమేం ఉన్నాయో లేవో చూడాలి?

వాల్తేరు మాష్టారు:
చూపించాలి. బీరువా తాళం ఎవరి దగ్గరుందో వెతకడానికి పావుగంట పట్టిందంటే ఆ కాలేజీ వద్దు.