కాలిఫోర్నియా కార్చిచ్చు పుస్తకాలు ఉద్దానం పిల్లలకెందుకు?

సోంపేట కుర్రోడు:
మా ఊరి గ్రంథాలయం చందాల్లో 18 వేలు మిగిలాయి. కమిటీలో ఒక అక్క అడవి మంటలు, తుపాన్లు, వరదల మీద పుస్తకాలు కొందామంటోంది. అందులో సగం ఇంగ్లిషువే, ఎవరు చదువుతారు? నాకు నచ్చలేదు. తిత్లీ తుపానుని కళ్లారా చూసినవాళ్లకి పుస్తకం కొత్తగా చెప్పేదేటుంది? అదే డబ్బుతో పోటీ పరీక్షల పుస్తకాలు తెస్తే నలుగురికి పనికొస్తాయి. మీరేమంటారు?

జీడిపిక్క:
నాదీ అదే మాట. 2018 అక్టోబరు 11న తెల్లారేసరికి మా తోటలో నిలబడ్డ కొబ్బరిచెట్టు లేదు. కొన్ని వేళ్లతో లేచిపోయాయి, కొన్ని నడుముకి విరిగాయి. మా నాన్న ఒక్కోదాన్నీ చేత్తో తడుముతూ లెక్కపెట్టుకుంటూ వెళ్లి, నూటపన్నెండు దగ్గర ఆపేసి గట్టు మీద కూర్చున్నాడు. అదంతా మళ్లీ పుస్తకంలో చదివి ఏడవాలా?

పాత మాస్టారు:
బాబూ, ఏడిపించడానికే రాసిన పుస్తకాలైతే నేనూ వద్దంటాను. అలాంటివి చాలానే ఉన్నాయి, చచ్చినవాళ్ల లెక్క, నాలుగు ఫొటోలు, అంతే. కానీ నార్మన్ మెక్లీన్ రాసిన ‘యంగ్ మెన్ అండ్ ఫైర్’ వేరు. 1949 ఆగస్టు 5న అమెరికాలోని మోంటానాలో మాన్ గల్చ్ అనే లోయలో మంట ఆర్పడానికి విమానంలోంచి దూకిన కుర్రాళ్ల సంగతి. మంట వెనక్కి తిరిగి తరిమింది. ఎండుగడ్డి, నిటారు కొండ. నాయకుడు డాడ్జ్ పరుగు ఆపి, అగ్గిపుల్ల గీసి తన ముందున్న గడ్డికే నిప్పు పెట్టాడు. అది కాలిపోయిన చోట బోర్లా పడుకుని, రండిరా అని పిలిచాడు. వీడికి మతి పోయిందనుకుని అందరూ దాటి పరుగెత్తారు. 13 మంది పోయారు. డాడ్జ్ బతికాడు. పరుగెత్తినవాళ్లలో ఇద్దరే మిగిలారు.

డెబ్భై దాటిన మెక్లీన్ ఆ కొండ ఎక్కి, ఎవరు ఎక్కడ పడ్డారో, ఏ నిమిషానికి ఏం చేశారో వెతికాడు. పూర్తికాకుండానే పోయాడు. పుస్తకం 1992లో వచ్చింది.

సోంపేట కుర్రోడు:
కథ బాగుంది మాస్టారూ. కానీ మనకి గడ్డిమంట లేదు కదా.

పాత మాస్టారు:
మంట సంగతి కాదు, మాట వినకపోవడం సంగతి. 2013లో ఫైలిన్ వస్తోందని మనల్ని ఖాళీ చేయించారు, అది ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో హుద్‌హుద్ విశాఖ మీద పడింది. తిత్లీతో కలిపి మూడూ అక్టోబరువే. తిత్లీ అన్నప్పుడు మా వీధిలో సగంమంది ‘ఏటా చెప్పేదే’ అని పడుకున్నారు. నేనూ పడుకున్నాను. ఎందుకు పడుకున్నామో ఎవరైనా రాశారా?

పాలకొండ వైపు:
కార్చిచ్చు మనకి లేదనకండి. మార్చి వస్తే రాత్రిపూట సీతంపేట కొండల మీద మంట దండలా కనిపిస్తుంది. ఎవర్ని అడిగినా పోడు వల్లే అంటారు, ఇంకేం వెతకరు. తిత్లీ వచ్చిన నెలకి, నవంబరు 8న, కాలిఫోర్నియాలో పారడైజ్ అనే ఊరు కాలిపోయి 85 మంది చనిపోయారు. ఆరా తీస్తే దొరికిందేమిటి? కరెంటు టవర్ మీద దాదాపు వందేళ్ల నాటి ఇనుప కొక్కెం, అరిగి అరిగి తెగింది. ప్రకృతి వైపరీత్యం అని అక్కడితో వదిలేసుంటే ఆ కొక్కెం బయటపడేదా?

కమిటీ అక్క:
ఆ అక్కని నేనే. ఇంగ్లిషువి ఎవరు చదువుతారన్నావు కదా తమ్ముడూ, ఆదివారం సాయంత్రం నేను తెలుగులో చదివి చెప్తాను. పోటీ పరీక్షలవీ కొందాం, కాదనను. కానీ ఒక లావుపాటి నోటుబుక్కు కూడా కొంటాను. ఆ రాత్రి ఎవరు ఏ గదిలో ఉన్నారు, గాలి ఎటునుంచి కొట్టింది, ఎప్పుడు ఆగింది, అన్నీ అందులో రాయిస్తా. శ్రీకాకుళం కథానిలయంలో అన్ని కథలు దాచుకున్నాం, మన రాత్రిని దాచుకోలేమా?

జీడిపిక్క:
నిన్నటి మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. రాత్రి నాన్నని అడిగాను, గాలి ఆగినప్పుడు నువ్వెక్కడున్నావు అని. తుపాను అయిపోయిందనుకుని దూడ కోసం పాకలోకి వెళ్లాడట. కట్టు విప్పుతుండగా గాలి అటువైపు నుంచి తిరగబడి పాక కప్పు లేచిపోయింది. దూడ మెడ పట్టుకుని కుడితితొట్టి పక్కన పడుకున్నాడట, తెల్లారేదాకా. మా అమ్మకి కూడా నిన్నే తెలిసింది.