సర్టిఫికెట్ టెంప్లేట్‌ని బ్లాక్‌చైన్ మీద పెట్టేశాక మార్చాల్సి వస్తే?

ప్రశ్న

కొన్ని విద్యాసంస్థలు కలిసి డిజిటల్ సర్టిఫికెట్లు ఇవ్వాలనుకుంటున్నాయి, అందరికీ పనికొచ్చే టెంప్లేట్ (సర్టిఫికెట్‌లో ఏయే ఫీల్డులుండాలో చెప్పే నమూనా) తయారుచేసే బాధ్యత నా మీద పడింది. ఒకరు మార్కుల్ని శాతంలో ఇస్తారు, ఇంకొకరు గ్రేడ్ పాయింట్లలో. 'పూర్తిచేసిన తేదీ' అంటే ఒకరికి పరీక్ష రాసిన రోజు, మరొకరికి ఫలితం వచ్చిన రోజు. అందరి ఫీల్డులూ కలిపేసరికి జాబితా చాంతాడంత అయింది, పైగా లోగో కూడా అందులోనే ఉండాలని ఒకరి పట్టు. ఇదంతా బ్లాక్‌చైన్ (ఒకసారి రాస్తే చెరపలేని ఉమ్మడి డిజిటల్ ఖాతాపుస్తకం) మీద పెట్టేసి రేపు మార్చాల్సి వస్తే, అప్పటికే ఇచ్చినవాటి సంగతేంటి? అదే నా టెన్షన్.

జవాబు 1

ముందు ఆ జాబితాని కోసేయండి. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చెల్లుతుంది, సంతకం ఏది, ఇవన్నీ డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ) వాళ్ల వెరిఫయబుల్ క్రెడెన్షియల్స్ డేటా మోడల్‌లో, అంటే డిజిటల్ సర్టిఫికెట్ల ప్రమాణంలో ఉన్నాయి, 2.0 వెర్షన్ 2025 మేలో వచ్చింది. చదువుకి సంబంధించిన భాగానికి ఓపెన్ బ్యాడ్జెస్ 3.0 అనే ప్రమాణం చూడండి, అదీ ఆ మోడల్ మీద కట్టిందే. మార్కుల గొడవకి అందులోనే దారి ఉంది: ఫలితంతో పాటు కనిష్ఠం, గరిష్ఠం చెప్పొచ్చు. ఒట్టి 8.2 అని రాస్తే చదివే సాఫ్ట్‌వేర్‌కి అది పదికో వందకో తెలీదు కదా. తేదీలకి మాత్రం రెండు వేరు వేరు ఫీల్డులు పెట్టండి, ఒక్కదాంట్లోనే సర్దాలని చూడకండి.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తాను, కానీ అసలు ప్రమాదం చైన్ దగ్గరుంది. అక్కడ టెంప్లేట్ హ్యాష్ (ఫైల్ నుంచి లెక్కగట్టే వేలిముద్రలాంటి కోడ్), జారీచేసేవాళ్ల పబ్లిక్ కీ (వాళ్ల డిజిటల్ సంతకాన్ని సరిచూసే కోడ్) ఉంటే చాలు. విద్యార్థి వివరాలు ఏ రూపంలోనూ వద్దు. 'హ్యాష్ చేశాం కదా, ఏం కాదు' అనేవాళ్లు చాలామంది ఉంటారు, దయచేసి వాళ్ల మాట వినకండి. వందేళ్లలో పుట్టినరోజులు ఎన్ని ఉంటాయి, సుమారు 36,500. పేరు తెలిసినవాడు ఆ తేదీలన్నీ ఒక్కొక్కటే హ్యాష్ చేసి పోల్చుకుంటే కంప్యూటర్‌కి క్షణం పట్టదు, చైన్ మీద పడ్డది మళ్లీ చెరపలేం. ఇంకొకటి, జేసన్ ఫైల్లో (టెంప్లేట్ డేటా రాసే టెక్స్ట్ ఫార్మాట్) ఒక్క ఖాళీ జాగా తేడా వచ్చినా హ్యాష్ మారిపోతుంది, అందుకని ముందు ఆర్ఎఫ్‌సీ 8785 (జేసన్‌ని ఎవరు రాసినా ఒకేలా ఉండేలా చేసే ప్రమాణం) ప్రకారం ఒక క్రమంలో పెట్టి అప్పుడు హ్యాష్ తీయండి.

జవాబు 3

మార్పుల సంగతి: పాతదాన్ని ముట్టుకోవద్దు, కొత్త వెర్షన్‌కి కొత్త గుర్తింపు ఇవ్వండి. ప్రతి సర్టిఫికెట్‌లో అది ఏ వెర్షన్ టెంప్లేట్‌తో తయారైందో రాసి ఉంటుంది కాబట్టి పాతవి పాతదానితోనే సరిచూస్తారు. పాత టెంప్లేట్ ఫైల్ మాత్రం ఎప్పటికీ అదే చిరునామాలో దొరకాలి. దాన్ని సర్వర్ నుంచి తీసేస్తే, చైన్ మీద హ్యాష్ ఉండి ఏం లాభం?

తేదీ రాసే పద్ధతి కూడా ఇప్పుడే తేల్చేయండి. అనాన్‌క్రెడ్స్ (వివరాలు బయటపెట్టకుండా రుజువు చూపే డిజిటల్ సర్టిఫికెట్ పద్ధతి) లాంటిదాంట్లో పుట్టినతేదీ చూపించకుండానే 18 ఏళ్లు నిండాయని రుజువు చేయొచ్చు, కానీ దానికి తేదీ 20050314 అన్నట్టు ఒకే సంఖ్యగా ఉండాలి. ఒక్క సంస్థ 14-03-2005 అని రాసినా వాళ్ల విద్యార్థులకి ఆ రుజువు పనిచేయదు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ. మరి లోగో కావాలన్నవాళ్లకి ఏం చెప్పను?

జవాబు 1

కనిపించే రూపం వేరే ఫైల్లో ఉంటుందని చెప్పండి. లోగో మారినప్పుడల్లా టెంప్లేట్ వెర్షన్ మార్చాల్సి వస్తుందంటే వాళ్లే ఒప్పుకుంటారు.