హౌవెవర్, హెన్స్, నెవర్‌దలెస్: ఆఫీసు మెయిల్లో ఏది ఎక్కడ?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఈ మధ్యే ఈ దేశం వచ్చి ఉద్యోగంలో చేరాను. మాట్లాడటం పర్వాలేదు, మెయిల్ రాయాలంటేనే టెన్షన్. హౌవెవర్, నెవర్‌దలెస్ రెండూ 'అయినా' అనే కదా? మా మేనేజర్ నా డ్రాఫ్ట్‌లో హౌవెవర్ దగ్గర గీత పెట్టి వెనక్కి పంపారు.

జవాబు 1:
గీత కామా గురించి అయ్యుంటుందండీ. 'ఐ కాల్డ్ హిమ్, హౌవెవర్ హీ డిడ్ నాట్ ఆన్సర్' అని రాసి ఉంటారు. రెండు వాక్యాలను బట్ కలుపుతుంది, హౌవెవర్ కలపలేదు. దాని ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ, తర్వాత కామా పెట్టండి. ఇంకోటి, ఆల్దోతో మొదలైన వాక్యంలో మళ్లీ బట్ రాయకండి. 'వాన పడినా కానీ వచ్చాను' అనే అలవాటు వల్ల మనవాళ్లందరూ రాసేస్తారు.

జవాబు 2:
హెన్స్ సంగతి ఎవరూ చెప్పరేం? దాని వల్ల మా రూమ్‌మేట్‌కి ఇల్లు పోయేంత పనైంది. హీటర్ పాడైతే ఓనర్ ఎంతకీ బాగు చేయించలేదు. అదే నెల ఇతనికి జీతం ఆలస్యమైంది. రెండూ ఒకే మెయిల్లో రాశాడు: 'ది హీటర్ ఈజ్ స్టిల్ నాట్ రిపేర్డ్. హెన్స్ ఐ విల్ పే ది రెంట్ ఆన్ ది టెన్త్.' ఇతని మనసులో అవి రెండు వేరు విషయాలు. ఓనర్‌కి మాత్రం 'హీటర్ బాగు చేయలేదు కాబట్టి అద్దె ఆపుతున్నా' అన్నట్టు అర్థమైంది. మర్నాడే నోటీసు! పేస్లిప్ చూపించినా 'కారణం మీరే రాశారుగా' అని ఆ ఒక్క వాక్యమే పట్టుకు కూర్చున్నాడు. వారాల తరబడి మెయిళ్లు నడిచాక, తెలిసినవాళ్లు మధ్యలో ఉండి సర్దారు. మాటల్లో 'కాబట్టి' ఊతపదంలా వచ్చేస్తుంది మనకి. హెన్స్, దేర్‌ఫోర్ అలా వాడొద్దు. మొదటిది కారణం, రెండోది దాని ఫలితం అయితేనే రాయాలి. సంబంధం లేని విషయమైతే కొత్త పేరా మొదలుపెట్టండి.

జవాబు 3:
హెన్స్ పాతకాలం మాట, అసలు వాడకండి. 'సో' చాలు. హౌవెవర్‌తో వాక్యం మొదలుపెట్టకూడదు, అది రూలు.

జవాబు 1:
రూలు కాదు అన్నగారూ. కార్నెల్ ప్రొఫెసర్ విలియం స్ట్రంక్ 1918లో అలా సలహా ఇచ్చారు. ఇప్పుడు మంచి పత్రికల్లోనూ హౌవెవర్‌తో వాక్యాలు మొదలవుతున్నాయి. కామా మాత్రం మరవకూడదు, ఎందుకంటే కామా లేని 'హౌవెవర్ హార్డ్ ఐ ట్రైడ్' అంటే 'ఎంత ప్రయత్నించినా' అని. హెన్స్ కూడా పనికొచ్చే మాటే. 'హెన్స్ ది డిలే' అని క్రియ లేకుండా ముగించొచ్చు. దేర్‌ఫోర్‌తో అది కుదరదు.

జవాబు 3:
కామా వరకు ఒప్పుకుంటాను. కొత్తగా వచ్చిన అమ్మాయికి 'హెన్స్ ది డిలే' ఎందుకండీ? పొట్టి వాక్యాలు రాయడం నేర్పండి ముందు.

జవాబు 4:
మీ వాదనలో పడి తను అడిగింది వదిలేశారు. చూడమ్మా, హౌవెవర్ ఎలాంటి తేడాకైనా సరిపోతుంది: 'పాత ఆఫీసు దూరం. హౌవెవర్, కొత్తది దగ్గర.' ఇక్కడ నెవర్‌దలెస్ పెడితే తప్పు. ముందు చెప్పింది ఒక అడ్డంకి అయ్యుండాలి, అది ఉన్నా పని జరిగి ఉండాలి: 'సర్వర్ పనిచేయలేదు. నెవర్‌దలెస్, రిపోర్ట్ పంపాం.'

నన్నడిగితే వీటికన్నా ప్రమాదం ఆన్ ది కాంట్రరీ. అది ముందు మాట నిజం కాదని చెప్పడం. 'ఈ ప్లాన్‌లో ఖర్చు తక్కువ' అని మేనేజర్ రాస్తే, 'ఆన్ ది కాంట్రరీ, టైమ్ ఎక్కువ పడుతుంది' అని జవాబివ్వకు. ఖర్చు తక్కువన్నది నువ్వూ ఒప్పుకుంటున్నావుగా! రెండో పక్క చూపించడానికి ఆన్ ది అదర్ హ్యాండ్ ఉంది. గీత పడిన ఆ వాక్యం పేర్లు తీసేసి ఇక్కడ పెట్టు, చూస్తాను.