ఒక్కసారే వచ్చే క్లయింటుతో మొదటి మాట ఏది?

కాలేజీ_కౌన్సెలర్: నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది రెండోసారి రారు. అందుకే సింగిల్ సెషన్ పద్ధతి నేర్చుకున్నాను. "ఇవాళ ఇక్కడి నుంచి ఏం తీసుకెళ్తే వచ్చినందుకు ఫలితం దక్కిందనుకుంటావు?" అని మొదలెట్టమన్నారు. నిన్న ఒకబ్బాయిని అలాగే అడిగితే బ్యాగు జిప్పు లాగుతూ "మీరే చెప్పండి మేడం" అన్నాడు. తప్పు ప్రశ్నదా, నాదా?

గోదారి_గట్టు: ప్రశ్నదే. నేనూ ఒకసారి క్లయింటుగా వెళ్లాను. కూర్చోగానే లక్ష్యం అడిగారు. కిరాణా కొట్లో "ఏం కావాలి" అన్నట్టుంది. అదే తెలిస్తే వెళ్లేదాన్నా? మంచినీళ్లిచ్చి, ఏ బస్సుకొచ్చావని అడిగితే పోయేది.

పాత_కాపు: బస్సు కబుర్లకే పావుగంట పోతే మిగిలేదెంత? అమెరికాలో కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థలో పనిచేసిన సైకాలజిస్టు మోషే టాల్మన్ 1990 నాటికే రాశాడు: చాలామంది ఒక్కసారే వచ్చి ఆగిపోతారు, తర్వాత కనుక్కుంటే అదే చాలిందన్నవాళ్లే ఎక్కువ. ఆయన అసలు ఫోన్లోనే మొదలెట్టేవాడు. "వచ్చేలోపు, నీ జీవితంలో ఏవి ఇలాగే కొనసాగితే బాగుండనిపిస్తుందో గమనించు" అనేవాడు. మీ అబ్బాయికి అపాయింట్‌మెంట్ ఇచ్చినప్పుడే ఆ మాట చెప్పి ఉంటే, జిప్పు లాగే పని తప్పేది.

గోదారి_గట్టు: ఫోన్లో అన్నారంటే, గదిలో కూర్చోబెట్టి నిలదీయలేదనేగా!

నైట్_డ్యూటీ: మీ ఇద్దరి గొడవలో అసలుది పోతోంది. "మనకి గంట ఉంది. ఇదొక్కటే సరిపోవచ్చు, కావాలంటే మళ్లీ రావచ్చు" అని ముందే చెప్పారా? చెప్పకపోతే వాడు కథ పుట్టినూరు నుంచి మొదలెడతాడు. ఇంకోటి, చచ్చిపోవాలనిపిస్తోందన్న సూచన కాస్త కనబడినా ఈ లక్ష్యాల ప్రశ్నలు పక్కన పెట్టి, అదే సూటిగా అడగాలి. అప్పుడు "ఒక్క సెషన్" అన్న లెక్కే ఉండదు. రాత్రి వేళ కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చి పంపండి.

కాలేజీ_కౌన్సెలర్: ఇవాళ ఒకమ్మాయి వచ్చింది. గంట ఉందని చెప్పాను. హాస్టల్ నుంచి ఎండలో నడిచొచ్చిందట, నీళ్లు తాగనిచ్చాను. తర్వాత "ఏ ఒక్కటి తేలితే ఈ రాత్రి నిద్రపడుతుంది?" అన్నాను. చాలాసేపు గ్లాసే చూసింది. "రెండు సబ్జెక్టులు పోయాయని నాన్నకి ఎలా చెప్పాలో" అంది. మిగతా గంటంతా ఆ ఫోన్‌కాల్‌లో మొదటి వాక్యం మీదే కూర్చున్నాం. మూడుసార్లు కొట్టేసి రాసుకుంది.

గోదారి_గట్టు: చూశారా, నీళ్లు!

పాత_కాపు: చూశారా, ప్రశ్న!