మనకా, మాకా? ఏరు దాటాల్సింది ఎవరు?

ఏటిగట్టు: బోస్నియాలో మోస్టార్ నుంచి స్తోలాట్స్ వెళ్ళి అక్కడి కవి మాక్ దిజ్దార్ ఇల్లు చూసొచ్చాను. ఆ ఇంటిని పాతమాటతో 'హిజా' అంటున్నారు. చూపించినావిడ ఆయన 'మోద్రా రియెకా' (నీలి నది) కవిత ఆఖరి పాదం చెప్పారు: "వల్యా నామా ప్రెకో రియెకె". తెలుగులో దీన్ని "ఏరు దాటాలి మేము" అని ఎక్కడో చదివిన గుర్తు. మేమా, మనమా? రెండ్రోజులుగా అదే పీకుతోంది.

అరసున్న: మేము అయ్యే ప్రసక్తే లేదు. చావు గురించిన కవిత. వినేవాణ్ణి గట్టు మీద వదిలేసి కవి ఒక్కడే పడవెక్కుతాడా? శ్రీశ్రీ "పోదాం, పోదాం పైపైకి" అన్నాడు, పోతాం అనలేదు. ఆ 'దాం'లోనే మనం ఉన్నాం.

పాత పలక: శ్రీశ్రీని పిలవనిదే మీకు చర్చ సాగదు కదా :) పోదాంలో పిలుపుంది, వల్యాలో ఉన్నది తప్పనిసరి. పైగా ఆ పాదంలో 'దాటు' అనే క్రియే లేదు. మాటకు మాట పెడితే "తప్పదు మనకు ఏటి అవతలికి", అంతే. నామా చతుర్థి.

అరసున్న: వాళ్ళకి చతుర్థేమో. మన వ్యాకరణంలో కి, కు షష్ఠి. ఇక మీ అనువాదం మా అమ్మమ్మకి వినిపిస్తే "అవతలికి బస్సుందా?" అంటుంది.

చింతబరికె: నది, చావు అన్నాక ఇది వైతరణే కదండీ?

పాత పలక: ఆవు తోక పట్టించకండి బాబూ. వైతరణిలో నెత్తురూ చీమూ. ఇది ఏడింటికీ ఎనిమిదింటికీ అవతల, వందేళ్ళ వెడల్పు, వెయ్యేళ్ళ లోతు ఉన్న నది. ఇంకో సంగతి, మోద్రా అంటే ఉత్త నీలం కాదు. అక్కడ కమిలిన దెబ్బని మోద్రిట్సా అంటారు. నేనైతే 'కమిలిన ఏరు' అంటాను.

అరసున్న: అనండి, ఎవరూ చదవరు.

చింతబరికె: అక్కడి 10 మార్కుల నోటు మీద ఈయన బొమ్మే. మన నోటు మీద ఒక్క కవీ లేడు.

ఏటిగట్టు: నోటు సంగతి తర్వాత. ఊరి బయట రదిమ్ల్యాలో మధ్యయుగపు సమాధి రాళ్ళు చూశాను. ఆయన 1966 నాటి 'రాతి నిద్రితుడు' కవితా సంపుటికి మూలం ఇలాంటి రాళ్ళే. ఒకదాని మీద చెయ్యెత్తి నిలబడ్డ మనిషి, ఆ అరచెయ్యి మొహం కన్నా పెద్దది. దాని ముందు నిలబడితే 'మేము' అనిపించింది, ఆ రాళ్ళ కింది వాళ్ళు అంటున్నట్టు. కానీ ఇంట్లో ఆవిడ 'నామా' అన్నప్పుడు తన గుండె మీంచి చెయ్యి నా వైపు తిప్పి, మళ్ళీ తన వైపుకి తెచ్చుకున్నారు.

అరసున్న: చూశారా! మనమే.

పాత పలక: చెయ్యి తిప్పితే విభక్తి కాదండీ. దాటేసినవాళ్ళు ఇంకా "దాటాలి" అంటారా అన్నది మాత్రం అసలు ప్రశ్న.

చింతబరికె: ఇంతకీ హిజాకి తెలుగేంటి? 'మాక్ కొంప' అందామా?

అరసున్న: కొంపా!

పాత పలక: తప్పేముంది? కొంప అంటే ఇల్లే. తిట్టుగా వాడి మనమే చెడగొట్టాం.