పేస్‌మేకర్ లీడ్ వల్ల వాల్వ్ లీక్: లీడ్ తీసేయాలా, ఉంచేసి క్లిప్ వేయాలా?

తులసి:
నాన్నగారికి పేస్‌మేకర్ పెట్టి చాలా ఏళ్లయింది. ఇప్పుడు గుండె కుడివైపు గదుల మధ్య ఉండే ట్రైకస్పిడ్ వాల్వ్ బాగా లీక్ అవుతోంది. కాళ్లవాపు, పొట్టలో నీరు. లీడ్, అంటే పేస్‌మేకర్ నుంచి గుండెలోకి వెళ్లే వైరు, వాల్వ్ రేకు మీద ఒత్తుకుంటోందని ఎకోలో చూశారు. ఓపెన్ ఆపరేషన్ ఆయన తట్టుకోలేరట. ఒక డాక్టరు లీడ్ లాగేద్దామంటున్నారు, ఇంకొకరు దాని జోలికి పోకుండా తొడ దగ్గరి సిరలోంచి క్యాథెటర్ (సన్నని గొట్టం) పంపి, వాల్వ్ రేకుల అంచులను కలిపి పట్టే క్లిప్ వేద్దామంటున్నారు. మీరేమంటారు?

అన్వేషి:
తీయడమే మంచిదండీ. రేకును కదలనివ్వనిదే ఆ లీడ్. అది అక్కడే ఉంటే క్లిప్‌కు రేకు అంచు చిక్కడమే కష్టం.

మేఘమాల:
అన్వేషి గారూ, పాత లీడ్ తీయడం అంత తేలికా? చుట్టూ పీచులాంటి కణజాలం పెరిగి రేకుకీ, సిర గోడకీ అతుక్కుపోయి ఉంటుంది. లేజర్ షీత్‌తో (లీడ్ మీదుగా ఎక్కించి కణజాలాన్ని కోసే గొట్టం) విడదీస్తుంటే రేకే చిరగొచ్చు. పై మహాసిర చిరిగితే అప్పటికప్పుడు ఛాతీ తెరవాల్సిందే. ఏ ఆపరేషన్ తట్టుకోలేరనుకున్నామో చివరికి అదే! పైగా వాల్వ్ వలయం అప్పటికే సాగిపోయి ఉంటే లీడ్ తీసినా లీక్ ఆగదు. ఇలాంటి క్లిప్ అయిన ట్రైక్లిప్‌కు అమెరికాలో మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఏప్రిల్‌లో అనుమతిచ్చింది. దాని మీద 350 మందితో చేసిన ట్రైల్యూమినేట్ పరీక్షలో మొదటి ఏడాది మరణాలేమీ తగ్గలేదు, నిజమే. కానీ లీక్ తగ్గింది, రోజువారీ జీవితం మెరుగైంది. ఆయాసంతో బాధపడే మనిషికి అది చిన్న సంగతా?

అన్వేషి:
క్లిప్ వరకు ఒప్పుకుంటాను. అది కుదరక క్యాథెటర్‌తోనే కొత్త వాల్వ్ పెడితే? లీడ్ ఆ వాల్వ్‌కూ గుండె గోడకూ మధ్య ఇరుక్కుపోతుంది. రేపు ఇన్ఫెక్షన్ వస్తే ఒట్టి యాంటీబయాటిక్స్ చాలవు, లీడ్‌తో సహా పరికరమంతా తీయాలి. ఇరుక్కున్నదాన్ని లాగేదెలా? నా భయమంతా అదే.

మేఘమాల:
ఆ భయం న్యాయమైనదే. తులసి గారూ, మీ నాన్నగారి గుండె పూర్తిగా పేస్‌మేకర్ మీదే నడుస్తోందా? అలాగైతే ఇరుక్కున్న లీడ్ దెబ్బతిన్నా ప్రమాదమే. వాల్వ్ దాటక్కర్లేకుండా కరోనరీ సైనస్‌లో (గుండె వెనుక ఉండే సిర) లీడ్ పెట్టే పద్ధతి ఉంది. వైరే లేని పేస్‌మేకర్లూ 2016 నుంచి అమెరికాలో వాడుకలో ఉన్నాయి.

తులసి:
పూర్తిగా దాని మీదేనండీ. లీడ్ రేకుకు అతుక్కుందా, ఊరికే ఆనుకుందా అన్నది మాకెవరూ చెప్పలేదు.

మేఘమాల:
ముందు 3డీ ఎకో అడగండి. ఆనుకుని కదులుతుంటే క్లిప్‌కు అవకాశం ఎక్కువ.

అన్వేషి:
అతుక్కుని ఉంటే మాత్రం, లీడ్‌లు తీయడంలో బాగా చెయ్యి తిరిగిన డాక్టరుకు ఒకసారి చూపించకుండా కొత్త వాల్వ్‌కు ఒప్పుకోకండి.